పెద్దది చెయ్యి

నాకు గ్యాస్ వాసన పడదు. వంటింట్లో సిలిండరు మార్చేటప్పుడు గుప్పుమని వచ్చే ఆ కుళ్ళు వాసనకే పెరట్లోకి పారిపోతాను. అలాంటి నేను, అరచేతిలో ఇమిడే ఒక చిన్న గ్యాస్ టార్చి కోసం ఒక వేసవంతా తిరిగాను. టార్చి అంటే కరెంటు పోతే వెతుక్కునే బ్యాటరీ లైటు కాదు. మంట కక్కే టార్చి. వెండి బంగారాల అతుకులు వేసుకోవడానికి వాడేది. వెళ్ళిన చోటల్లా ముక్కు మూసుకున్నాను, మూసుకుని లాభం లేని చోట నోరు పారేసుకున్నాను. ఆ వేసవి తలుచుకుంటే ఇప్పటికీ ముందు చీదర పుడుతుంది, ఆ తర్వాతే మిగతావన్నీ గుర్తొస్తాయి.

టార్చి కావలసింది నాకు కాదు, మా ఆయనకి. బొబ్బిలిలో మా ఇంటి వీధరుగు మీద కూర్చుని వెండి పని చేస్తాడు. మెట్టెలు, కడియాలు, పసిపిల్లల కాళ్ళకి మువ్వల పట్టీలు, తెగిన గొలుసులకి అతుకులు. మాది మేనరికం. పెళ్ళికి ముందు బావా అని పిలిచేదాన్ని, పెళ్ళయ్యాక మార్చుకోవడం నా వల్ల కాలేదు. ఆయన పనంతా ఊదుగొట్టం మీద నడిచేది. మూర కంటే పొట్టి ఇత్తడి గొట్టం, చివర కాస్త వంకర. ముందు వేలంత లావు వత్తి వేసిన నూనె దీపం. దీపం పక్కనుంచి గొట్టంతో ఊదితే మంట వంగి, సన్నని నాలుకలా సాగి, సరిగ్గా అతుకు మీదికి వెళ్ళేది. బుగ్గలతో ఊదుతూనే ముక్కుతో పీల్చుకునేవాడు. మధ్యలో మంట తెగేది కాదు. నేను వంటింట్లో ఉన్నా ఆ ఊపిరి చప్పుడు వినబడుతూనే ఉండేది. అది వినబడుతున్నంత సేపూ నాకు ఇల్లు ఇల్లులా ఉండేది.

ఆ ఊపిరే పాడైంది. దగ్గు మొదలై తగ్గలేదు. మెట్లెక్కితే ఆయాసం, అన్నం తింటే ఆయాసం. విజయనగరంలో పెద్ద డాక్టరు ఫోటోలు తీయించి, వెలుగుకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ దీపం పొగ మానెయ్యండి. గొట్టం ఇంకోసారి నోట్లో పెట్టుకుంటే నా దగ్గరకి రాకండి," అన్నాడు.

ఇంటికి రాగానే ఊదుగొట్టం తీసి బియ్యం డ్రమ్ములో అడుక్కి దూర్చేశాను. మా బావ అన్నానికి కూర్చున్నాడు. డ్రమ్ము వైపు ఒకసారి చూసి పప్పు కలుపుకున్నాడు.

అప్పటికి ఆయన చేతిలో ఉన్న పని నా మెట్టెలే. ఇంటి చాకిరీకీ సిమెంటు నేలకీ మెట్టెలు అరిగిపోతాయి. అరిగి అంచు కత్తిలా తయారై పక్క వేలిని కోస్తుంది. అరిగినప్పుడల్లా కొత్తవి ఆయనే చేస్తాడు. కట్టుకున్నవాడు కంసాలి అయినప్పుడు పెళ్ళాం మెట్టెకి ఇంకొకడు అతుకు వెయ్యకూడదని మా అత్తగారు చెప్పేది. కుడికాలిది పూర్తయి నా వేలికి ఎక్కింది. ఎడమకాలిది ఉంగరంలా వంచినది వంచినట్టే, అతుకు పడకుండా, దూది మధ్య పనిపెట్టెలో ఉండిపోయింది. నేను ఒక కాలికి కొత్తది, ఒక కాలికి కోసేదీ పెట్టుకుని తిరిగాను.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు ఒక కబురు తెచ్చాడు. వాడు పార్వతీపురంలో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతాడు. విజయనగరంలో కొత్తగా తెరిచిన నగల షోరూంలో తలుపు దగ్గర మనిషి కావాలట. తలపాగా చుట్టి, మీసాలు దువ్వి, ఎర్రకోటు వేసి, కారు దిగిన ప్రతివాళ్ళకీ వంగి నమస్కారం పెట్టాలట.

"బావకి మీసాలు బాగుంతాయి కదక్కా. ఊదక్కర్నేదు, ఏటీ నేదు. నిలబడితే సాలు," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కానీ మా బావ తిట్టలేదు. అరుగు మీద పనిపెట్టె ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్తానని అనలేదు, వెళ్ళనని కూడా అనలేదు. అది చూసి నాకు భయమేసింది. ఊదకుండా మంట పుట్టే మార్గం ఏదో ఒకటి దొరక్కపోతే ఆ పెట్టె మూతపడుతుంది, ఈ మనిషి ఎర్రకోటు వేసుకుని ఎవరి ముందో వంగుతాడు. అదొక్కటే ఆ వేసవంతా నా బుర్రలో తిరిగింది.

ముందు నేనే ఊదుతానన్నాను. గొట్టం బియ్యంలోంచి తీసి, కడిగి, నోట్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు ఆయన నోట్లో ఉన్న ఇత్తడి, ఎంత తోమినా చిలుము రుచి పోలేదు. నేను ఊదితే మంట ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వెళ్ళేది. బుగ్గల్లో గాలి కంటే ఉమ్మి ఎక్కువ ఊరేది. అది గొట్టంలోంచి జారి దీపంలో పడి చిటపటలాడేది. ఛీ అనిపించేది.

"ఒసే, ఊదుతన్నావా, ఏడుస్తన్నావా?" అనేవాడు మా బావ. "సాల్లే, పెద్దది సెయ్యి."

పెద్దది చెయ్యి అంటే మంట ఆపమని. మా ఇంట్లో మంటని ఆర్పమని ఎవరూ అనరు. దేవుడి దగ్గర దీపమైనా, పనిపెట్టె ముందు దీపమైనా పెద్దది చెయ్యాలి, అంతే. ఆరిపోవడం అనే మాట మనిషి పోయినప్పుడు అంటాం కాబట్టి, వెలుగుతున్న దాని ముందు దాన్ని నోట రానివ్వం. మా అమ్మమ్మ అలాగే అనేది, మా అత్తగారు అలాగే అనేది. నేను వత్తి మీద మూత పెట్టి దీపం పెద్దది చేసేదాన్ని. అతుకు మాత్రం ఒక్కటీ పడలేదు.

అప్పుడు మొదలైంది టార్చి వేట. మొదటిది మా తమ్ముడే ఆన్‌లైన్లో తెప్పించాడు. ఎర్రకోటు పాపం కడుక్కుందామనుకున్నాడేమో. మెరిసే ప్లాస్టిక్కు పిడి, మీట నొక్కితే టక్కుమని అంటుకుంటుంది. దాని పెట్టె మీద ఒక తెల్లాయన నవ్వుతూ ఏదో తీపి పదార్థం మీద మంట పెడుతున్న బొమ్మ ఉంది.

"ఇంగ్లీషోలు పంచదార కాల్సుకుంతారక్కా దీంతో," అన్నాడు మా తమ్ముడు, తనే కనిపెట్టినట్టు.

దాని అడుగున చిన్న రంధ్రం. అందులోకి డబ్బాలోంచి గ్యాస్ ఎక్కించాలి. డబ్బా తలకిందులుగా పెట్టి నొక్కితే సగం లోపలికి, సగం నా వేళ్ళ మీదికి. వేళ్ళు ఐసులో పెట్టినట్టు తిమ్మిరెక్కాయి. ఆ వాసన చీర కొంగుకి పట్టుకుని ఉతికినా వదల్లేదు. మా బావ దాన్ని వెలిగించి ఒక వెండి తుక్కు మీద పట్టాడు. నిలువుగా పట్టినంత సేపు బాగానే ఉంది. మూతి కిందికి వంచగానే మంట పసుపుపచ్చగా బుస్సున లేచి, మళ్ళీ చచ్చినట్టు తగ్గి, వెండి మీద మసి కక్కింది. పని చేసేవాడు మూతి వంచకుండా ఎలా పని చేస్తాడు?

"ఇది మంటేటి? ఉమ్ము," అన్నాడు మా బావ.

పారేయడం దేనికని నేను దాంతో వంకాయ కాల్చాను. పచ్చడి నూరాను. నోట్లో పెట్టుకున్న మొదటి ముద్దకే గ్యాస్ వాసన. ఇద్దరం కంచాలు పక్కన పెట్టేసి మజ్జిగతో తిన్నాం. అప్పటినుంచి ఆ టార్చి ఎవరి చేతిలోనూ పడలేదు, అటక మీద ఉంది.

రెండోది మా వీధిలో ఫ్రిజ్జులు బాగుచేసే ఆయన ఇచ్చాడు. రాగి గొట్టాలు అతకడానికి వాళ్ళు వాడతారు. సీసా లాంటి డబ్బా, దాని నెత్తిన ఇనుప మూతి. వెలిగిస్తే వీధి చివరి కుక్కలు లేచి అరిచాయి. అంత హోరు.

"ఇంతంత వేడి కాదన్నయ్యా, ఏదైనా నిముసంలో నీరైపోతాది," అని ఆయన గర్వంగా చెప్పాడు.

నిజమే, నీరైపోతుంది. కానీ మువ్వ అంటే బఠాణీ గింజంత. దాని మీద అంతకంటే చిన్న టంకం ముక్క, అంటే అతుకు వెయ్యడానికి పెట్టే లోహపు రవ్వ. దాని పక్కన, కరిగిన రవ్వ అతుకులోకి పాకడానికి రాసే వెలిగారం పొడి, నీళ్ళతో తడిపినది. ఆ మంట తగలగానే వెలిగారం ఎగిరింది, రవ్వ ఎగిరింది, ఆఖరికి మువ్వ కూడా ఎగిరి అరుగు కింది మురుగు కాలువలో పడింది. మువ్వ ఎవరిదో పసిపిల్ల పట్టీది. వదులుకోవడానికి వీల్లేదు. మా బావ వంగితే ఊపిరందదు. కాబట్టి కాలువలో చెయ్యి పెట్టింది నేను. మోచేతి దాకా నల్లని బురద. షాంపూ ప్యాకెట్లు, జుట్టు ఉండలు, ఎవరో పారేసిన చేప పొట్టు, వాటి మధ్య వేళ్ళతో తడుముతుంటే ఒళ్ళంతా గగుర్పొడిచింది.

"దొరికిందేటే?" పైనుంచి మా బావ.

"నువ్వొచ్చి ఎతుక్కో!" అని అరిచాను. అరిచాక దొరికింది. సబ్బుతో, బూడిదతో, మళ్ళీ సబ్బుతో చెయ్యి కడుక్కున్నాను. ఆ రోజు ఆ చేత్తో అన్నం తినలేక చెంచాతో తిన్నాను.

ఇన్ని రోతల తర్వాత మాకు ఒక సంగతి తెలిసింది. మాకు కావలసింది ఎక్కువ మంట కాదు, మెత్తని మంట. వెండి వేడిని ఒక చోట నిలవనివ్వదు, ఒంటినిండా పంచేసుకుంటుంది. అందుకని మంట వస్తువంతా చుట్టుకుని, ముందు మొత్తాన్ని వేడెక్కించి, ఆఖరున అతుకు దగ్గర సన్నబడాలి. మూతి వంచినా ఆగకూడదు. బొటనవేలితోనే పెంచుకుని తగ్గించుకునేలా ఉండాలి. కింద పెడితే పడిపోకుండా నిలబడాలి. ముఖ్యంగా గ్యాస్ మూతిలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాకూడదు. ఇవన్నీ నోటితో చెప్పడం తేలిక. దుకాణంలో అడిగితే మాత్రం మనల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూస్తారు.

విజయనగరంలో కంసాలి సామాన్లమ్మే కొట్టుంది. ఒక ఉదయం ఇద్దరం బస్సెక్కాం. రామభద్రపురం దాటేవరకు కిటికీ దగ్గర కూర్చుని మా బావ దగ్గుతూనే ఉన్నాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, పడిపోతుందేమో అన్నట్టు, జేబుని పట్టుకుని ఉన్నాడు. ఏముందో అనుకున్నాను, మందుబిళ్ళలు అనుకున్నాను.

కొట్టు లోపల ఏసీ చల్లదనం, గులాబీ సెంటు, దాని కింద పలచగా గ్యాస్ వాసన. ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు, నేను గుమ్మంలోనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. టై కట్టుకున్న సేల్స్ మనిషి ఎదురొచ్చాడు. మెడకి పౌడరు, టై మీద టీ మరక. నన్ను చూసి చెయ్యి చాపి చూపించాడు.

"మేడం, స్టవ్వు లైటర్లు అటేపున్నాయండి."

"నీకు స్టవ్వులా అగపడతన్నానేటి?" అన్నాను. మా బావ నా మోచెయ్యి పట్టుకుని లాగాడు.

బల్ల మీద టార్చీలు పరిచాడు. పెన్నులా సన్ననివి, తుపాకీలా వంకరవి, చిన్న సిలిండరుకి గొట్టంతో తగిలించేవి. ఒక్కొక్కదాని డిగ్రీల లెక్క చదివాడు, ఒక్కొక్కదాని వీడియో ఫోన్లో పెట్టి మా మొహాల దగ్గర పెట్టాడు. వీడియోలో ఉంగరం మెరుస్తుంటే వెనక డప్పుల పాట. మా బావ వీడియో చూడలేదు. ఒక్కొక్క టార్చీ ఎడమచేత్తో తీసుకుని బొటనవేలు ఎక్కడ పడుతుందో చూసి పక్కన పెట్టాడు. అలా సగం పక్కకి పోయాయి.

మిగతావి వెలిగించమన్నాం. అక్కడ నా చీదర పనికొచ్చింది. వెలిగించకముందే ఒక్కొక్కదాని మెడ దగ్గర, మీట దగ్గర, అడుగున ముక్కు పెట్టి వాసన చూశాను. సేల్స్ మనిషి నవ్వాపుకుంటున్నాడు. నవ్వితే నవ్వాడు. మూడోవంతు వాటికి అడుగున కారుతోంది. ఇంకొన్నిటికి మీట దగ్గర. నేను తల అడ్డంగా ఊపడం, మా బావ పక్కకి తోసెయ్యడం. చివరికి చిన్న పిడి ఉన్నది ఒకటి మిగిలింది. దానికి ఎక్కడా వాసన రాలేదు. వెలిగిస్తే నీలంగా, నెమ్మదిగా, మూతి వంచినా ఆగకుండా వెలిగింది. నాకు దాని మీద కూడా అసహ్యమే, కానీ వంక దొరకలేదు.

"ఏదేనా వెండి ముక్క ఉంటే పెట్టి సూపిస్తానండి. మా రూలు ప్రకారం టార్చి మేమే పట్టుకోవాలండి, మీరు సెప్పండి," అన్నాడు సేల్స్ మనిషి.

మా బావ జేబులోంచి దూది తీశాడు. దూది విప్పాడు. అందులో నా ఎడమకాలి మెట్టె.

"ఏటి బావా, అదెందుకు తెచ్చేవు?" అన్నాను.

"సూడాల కదేటే. తుక్కు మీద సూస్తే ఏటి తెలుస్తాది?" అన్నాడు. మెట్టెని కొట్టువాళ్ళ ఇటుక మీద పెట్టి, అతుకు మీద వాళ్ళదే వెలిగారం రాసి, రవ్వ పెట్టాడు. ఆ చేతులు పనిలో కదలడం చూసి చాలా రోజులైంది. నేను కొంగు సర్దుకుని ఇటుక దగ్గరికి జరిగాను.

సేల్స్ మనిషి మంట పట్టాడు. మా బావ ఇటుక మీదికి వంగి చెబుతున్నాడు. "దూరంగా పట్టు. సుట్టూ తిప్పు. ఇంకా, ఇంకా. అలగ. ఇప్పుడు దగ్గిరికి రా, సన్నం సెయ్యి." వెలిగారం ఉబ్బి, అణిగి, అద్దంలా అయింది. వెండి సాయంత్రపు ఎరుపుకి తిరిగింది. రవ్వ ఒక్కసారి మెరిసి, సన్నని గీతలా అతుకంతా పాకింది. అంత శుభ్రంగా పాకడం ఆయన ఊదినప్పుడే చూశాను. ఇంక ఒక్క క్షణం కూడా మంట ఉండకూడదు.

"పెద్దది సెయ్యి!" అన్నాడు మా బావ. "బేగి, పెద్దది సెయ్యి!"

సేల్స్ మనిషి మీట తిప్పి పెద్దది చేశాడు.

మంట నీలంగా జానెడు పొడవు సాగింది. "పెద్దది, పెద్దది!" అని మా బావ అరుస్తున్నాడు, వాడు ఇంకా తిప్పుతున్నాడు. మెట్టె నడుం వంగింది, కుంగింది, చూస్తుండగానే రెండు కొనలూ దగ్గరికొచ్చి గుండ్రంగా ఒక ముద్దగా చుట్టుకుంది. నేను టార్చి మీదికి చెయ్యి విసిరాను. అప్పుడుగానీ వాడు ఆపలేదు. ఇటుక మీద పూసంత వెండి ముద్ద తళతళా ఊగుతూ నిలబడింది.

నేను ఏమన్నానో నాకే పూర్తిగా గుర్తులేదు. నా మెట్టె అన్నాను, గుడ్డి అన్నాను, టై మీద మరక కూడా వదల్లేదు. కొట్లో ఉన్నవాళ్ళు చుట్టూ చేరారు. ఒకావిడ నా మీదికి ఫోన్ ఎత్తి తీస్తోంది. ఇంకొకావిడ పర్సులోంచి వేరుశనగ గింజలు తింటూ చూస్తోంది. ఆ నమలడం చూసి నాకు నిజంగా వాంతి వచ్చేలా అయింది.

"మీరే కదండీ పెద్దది సెయ్యమన్నారు!" అన్నాడు సేల్స్ మనిషి, ఏడుపు మొహంతో. "ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నారండి. సేసినాను."

మా బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. వాడిదీ మా వైపే, వాడి మాటా మా మాటే. కానీ వాడు పుట్టి పెరిగిన ఇంట్లో దీపాన్ని ఆర్పెయ్యి అన్నారో, స్విచ్చి కట్టెయ్యి అన్నారో. పెద్దది చెయ్యి అంటే వాడికి పెద్దదే.

మా బావకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగక బల్ల పట్టుకుని వంగిపోయాడు. సేల్స్ మనిషే పరుగెత్తి నీళ్ళు తెచ్చాడు. తాగి, మూతి తుడుచుకుని, వెండి ముద్ద చల్లారిందో లేదో చూసి జేబులో వేసుకున్నాడు.

"ఇదే ఇయ్యి," అన్నాడు.

"ఏటి బావా! ఇదా?"

"సెప్పిన మాట ఇన్నాది కదేటే. సన్నం అంటే సన్నమయినాది, పెద్దదంటే పెద్దదయినాది," అన్నాడు.

దారి పొడుగునా ఆ డబ్బా నా ఒళ్ళో. వాసన రాకపోయినా వస్తున్నట్టే ఉండి గజపతినగరం దాకా మొహం మాడ్చుకుని కూర్చున్నాను. గజపతినగరంలో మా బావ బజ్జీలు కొన్నాడు. నేను తినలేదు.

మర్నాడు ఆయన అరుగు మీద కూర్చుని ఆ ముద్దని సుత్తితో సాగగొట్టాడు. కమ్మచ్చులోంచి, అంటే చిల్లుల ఇనుప పలకలోంచి, తీగగా లాగాడు. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాడు. వంచి ఉంగరం చేశాడు. టార్చి దాని పీట మీద నిలబెట్టి, మెట్టెని పట్టకారుతో పట్టుకుని మంటలో తిప్పాలని ఏర్పాటు. రెండు చేతులూ పట్టకారు మీదే ఉంటాయి, కాబట్టి మీట దగ్గర నేను.

"ఇదిగో, ఇంక పెద్దది గిద్దది అనకూడదు," అన్నాడు. "నీకైనా సరే, ఎవులికైనా సరే. దీని దగ్గిర ఆర్పు అనే అనాల."

"ఆ పాడు మాట నేననను," అన్నాను.

"నువ్వనక్కర్నేదు. నేనంతాను, నువ్వు తిప్పు."

టార్చి బుసకొట్టింది. ఆ బుసలో నాకు ఇంకేమీ వినబడలేదు. ఆయన ఊపిరి వినబడలేదు. ఇన్నేళ్ళు వంటింట్లోంచి కూడా విన్నదాన్ని, మూరెడు దూరంలో కూర్చుని వినలేకపోయాను. దగ్గుతున్నాడో లేదో తెలుసుకోవడానికి ఆయన భుజాల వైపు చూడాల్సొచ్చింది. ఎంత అసహ్యం వేసిందో ఆ చప్పుడంటే. వెలిగారం అణిగింది, రవ్వ మెరిసింది, అతుకులోకి పాకింది.

"ఆర్పే," అన్నాడు మా బావ.

మా ఇంట్లో, వెలుగుతున్న మంట ముందు, ఆ మాట నేను మొదటిసారి విన్నాను. మీట తిప్పేశాను. మంట టప్పుమని పోయింది. అప్పుడు ఆయన ఊపిరి వినబడింది, పిల్లి కూతలా సన్నగా, కానీ వినబడింది. కాసేపు మీట మీదినుంచి చెయ్యి తియ్యకుండా అది వింటూ కూర్చున్నాను.

రెండోది జతకి సరిపోయిందో లేదో చూడాలని కుడికాలిదీ అడిగాడు. మెట్టె వేలు బోసిగా ఉండకూడదు కాబట్టి పసుపు దారం చుట్టుకుని తీసిచ్చాను. రెండింటినీ చింతపండు నీళ్ళలో వేసి, కుంకుడు రసంతో తోమి, గుడ్డతో తుడిచి, గుప్పిట్లో గలగలా ఆడించి నా ముందు తెరిచాడు.

"సెప్పు సూద్దుము. ఊదినది ఏదో."

నాకది పెద్ద విషయం అనిపించలేదు. ఎంత కాదన్నా ఆయన ఊపిరి పోసి చేసినది, నాకు తెలియదా? ఒకటి తీసి వెలుగుకి పట్టాను. అతుకు వెతికాను. రెండోది తీశాను. అరుగు చివరికెళ్ళి ఎండలో చూశాను. గోటితో గీరాను, నాలుకతో కూడా తడిమాను, చింతపండు పులుపు తప్ప ఏమీ తగల్లేదు. రెండూ ఒకటే. ఒకదానిలో ఆ గ్యాస్ కుళ్ళు ఎక్కడా లేదు, ఇంకొకదానిలో ఆయన ఊపిరి కూడా ఎక్కడా లేదు.

అప్పుడు పుట్టిన చీదర ముందు మురుగు కాలువ నయం. టార్చీ మీద కాదు. ఆ గొట్టం మీద, నా బియ్యం డ్రమ్ము మీద, ఆ చప్పుడు వింటూ ఇల్లు బాగుందనుకుని వంట చేసుకున్న నా మీద. డాక్టరు వెలుగుకి ఎత్తి చూసిన ఆ ఫోటోలో నల్లగా పోయినదంతా ఎక్కడికి వెళ్ళినట్టు? మెట్టెల్లోకైతే వెళ్ళలేదు. రెండూ నా అరచేతిలో ఒకేలా మెరుస్తున్నాయి.

"మరైతే ఇన్నేళ్ళూ ఎందుకూదేవు బావా?" అని అరిచాను. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. "ఈ టార్చీలు ఎప్పటినుంచో ఉన్నాయి కదా. ఎందుకూదేవు?"

ఆయన పట్టకారు పెట్టెలో పెట్టాడు. వెలిగారం డబ్బీ మూత బిగించాడు.

"ఊపిరుండేది కదేటే," అన్నాడు. "కాలియ్యి."

అరుగు మీద కూర్చుని కాలు చాపాను. దారం తెంపి ఒకటి తొడిగాడు, రెండో కాలికున్న పాతది తీసేసి ఇంకొకటి తొడిగాడు. ఏది ఏ కాలికి పెట్టాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు పెట్టె రోజూ తెరుచుకుంటోంది, టార్చి రోజూ బుసకొడుతోంది, ఆర్పే అన్నప్పుడల్లా వెళ్ళి మీట తిప్పి, ఆయన ఊపిరి విని వంటింట్లోకి వస్తున్నాను. నడుస్తుంటే రెండు మెట్టెలూ సిమెంటు నేలకి ఒకేలా తగులుతాయి, నాకు ఒళ్ళు మండుతుంది.